సుబ్బారావుకు దొరకని ఉద్యోగం

(ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం పాఠం)



సుబ్బారావు గారి పేరు మీద జరిగే సభల్లో వక్త ముందుగా ఆయన ఘనకార్యాల పట్టిక చదవడం ఆనవాయితీ. ఏటీపీ, ఫోలిక్ ఆమ్లం, అమినోప్టెరిన్, హెట్రజాన్, ఆరియోమైసిన్. ఇంత చేసినా నోబెల్ ఇవ్వలేదని నిట్టూర్చి, పటానికి దండ వేసి ఇంటికి వెళ్ళడం కూడా ఆనవాయితీయే. నోబెల్ గొడవ నాకంత ముఖ్యమనిపించదు. ఆయన జీవితంలో నన్ను ఎక్కువగా వేధించేది మరొకటుంది. బయోకెమిస్ట్రీలో అంతటి పనితనం ఉన్న మనిషికి ఇటు మద్రాసులోగానీ అటు బోస్టన్‌లోగానీ ఏ విశ్వవిద్యాలయమూ శాశ్వతమైన చోటు చూపలేదు. ఈ పూట ఆ రాని ఉద్యోగాల గురించి మాట్లాడతాను. అక్కణ్ణుంచి మన కాలంలో మాలిక్యులర్ బయాలజీ చదివి, పరిశోధన చేసుకుంటూ నాలుగు పాఠాలు చెప్పుకు బతుకుదామనుకునే వాళ్ళ సంగతికి వస్తాను.

సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. (ఈ మాట విద్యార్థుల కోసం చెబుతున్నాను, పరీక్షల విభాగం వాళ్ళు పట్టించుకోనక్కర్లేదు.) మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌను తొడుక్కుని సర్జరీకి వెళ్ళారు. ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్. మద్రాసు మెడికల్ సర్వీసుకు ప్రయత్నిస్తే అక్కడా చుక్కెదురైంది. అప్పుడు ఆయనను పిలిచి ఉద్యోగం ఇచ్చింది ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాల, అనాటమీ చెప్పడానికి.

1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. మామగారి డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం ఆయనను అక్కడిదాకా చేర్చాయి. పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా రోగుల పక్కపాత్రలు కడిగారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా ముగించి, అక్కడి మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్క్ ప్రయోగశాలలో చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగునుబట్టి కొలిచే పద్ధతిని ప్రచురించారు. మన ప్రాక్టికల్ రికార్డుల్లో ‘ఫిస్క్–సుబ్బారావ్ పద్ధతి’ అని రాసుకునేది అదే. అమ్మోనియం మాలిబ్డేట్, ఏఎన్‌ఎస్‌ఏ, కాసేపటికి పరీక్షనాళికలో నీలం రంగు. వందేళ్ళు దాటినా తెలుగునాట బయోకెమిస్ట్రీ విద్యార్థి ఆ నీలం చూడకుండా పట్టా పుచ్చుకోవడం అరుదు. రికార్డులో ఆ రెండో పేరు మన భీమవరం మనిషిదని ఎంతమంది గమనిస్తారో మాత్రం అనుమానమే.

కొలిచే సాధనం చేతిలో ఉంటే వెతకడం మొదలవుతుంది. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో కణాలకు శక్తినందించే ఏటీపీ. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని పట్టుకున్నాడు. కండరం పనిచేయడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని చెప్పిన హిల్, మయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ ఇచ్చి ఉన్నారు. ఈ ఫాస్ఫేట్ల దెబ్బకు ఆ కథ తిరగరాయాల్సి వచ్చింది. సుబ్బారావుకు 1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఆ తర్వాత మరో పదేళ్ళు హార్వర్డ్‌లోనే గడిపినా శాశ్వత పదవి రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లే అనే మందుల కంపెనీకి వెళ్ళిపోయారు. పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ళకే పోయారు.

కంపెనీలో గడిపిన ఆ ఎనిమిదేళ్ళలోనే ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ జరిగింది. దాన్ని అడ్డగించే అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి తాత్కాలికంగానైనా వ్యాధి వెనక్కు తగ్గడం చూశాడు. కీమోథెరపీ చరిత్రలో అదొక మొదలు. బోదకాలుకు హెట్రజాన్ వచ్చింది. దాన్నే డీఈసీ మాత్ర అని ఆరోగ్య కార్యకర్తలు మన ఊళ్ళలో ఇంటింటికీ పంచారు, ఆయన పుట్టిన గోదావరి జిల్లాల్లో కూడా. ఆరియోమైసిన్‌ను కనిపెట్టిన బెంజమిన్ డగ్గర్‌ది ఇంకో తమాషా కథ. డెబ్బై దాటాడని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం రిటైర్ చేస్తే, సుబ్బారావు విభాగం ఆయనను చేర్చుకుంది. ఒక విశ్వవిద్యాలయం వయసు అయిపోయిందన్న మనిషీ, మరో విశ్వవిద్యాలయం స్థిరపరచని మనిషీ ఒకే కప్పు కింద పనిచేశారన్నమాట.

ఇదంతా విన్నాక మీలో ఎవరైనా అడగవచ్చు: ‘అయితే ఆయనకు హార్వర్డ్ ఉద్యోగం రాకపోవడమే మంచిదైంది కదా? అక్కడే ఉండిపోతే ఇన్ని మందులు వచ్చేవా?’ నేను పనిచేసిన విభాగంలో ఒక పెద్దాయన ఈ మాటను ప్రతి ఏడాదీ అనేవారు, ముఖ్యంగా పోస్టులు భర్తీ చేయమని మేం అడిగినప్పుడు. మందులు వచ్చినమాట నిజమే. పోయిందేమిటో కూడా చూడాలి. సుబ్బారావుకు శిష్యపరంపర లేదు. లెడర్లేలో ఆయన కింద పెద్ద బృందమే ఉంది. కానీ కంపెనీలో పని ముగియగానే బృందం మరో పనిలోకి మారుతుంది, విప్పలేకపోయిన ప్రశ్న ఫైలులో ఉండిపోతుంది. విశ్వవిద్యాలయంలో అయితే ఆ ప్రశ్నను ఒక కుర్రాడు థీసిస్‌గా ఎత్తుకుంటాడు, వాడి దగ్గర చదివిన అమ్మాయి మరో ఊళ్ళో దాన్ని ఇంకోవైపు నుంచి తవ్వుతుంది. విశ్వవిద్యాలయ ఉద్యోగం మనిషికి రెండు హక్కులు ఇవ్వాలి. నచ్చిన ప్రశ్న ఎంచుకునే హక్కు ఒకటి, దాన్ని తరవాతి వాళ్ళకు అప్పజెప్పే హక్కు ఇంకొకటి. సుబ్బారావు మొదటిదాన్ని కొంతవరకు పోరాడి సంపాదించుకున్నారు. రెండోది ఆయనకు ఎక్కడా దక్కలేదు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండు హక్కుల చుట్టూనే తిరుగుతుంది.

మాలిక్యులర్ బయాలజీలోకి వద్దాం. ఆ శాస్త్రం నిలబడక ముందే సుబ్బారావు పోయారు. డీఎన్‌ఏ జంటపేట రూపం తెలిసింది 1953లో. అయినా ఆయన లేని మాలిక్యులర్ బయాలజీ ల్యాబ్ నాకు కనబడదు. రెండు డీఎన్‌ఏ ముక్కలను లైగేజ్ అనే ఎంజైముతో అతికించాలంటే గొట్టంలో ఏటీపీ పడాలి. మోనోక్లోనల్ యాంటీబాడీలు చేసేవాళ్ళు పనికొచ్చే సంకర కణాలను ఏరడానికి హ్యాట్ మాధ్యమం వాడతారు, అందులో నడిమి అక్షరం అమినోప్టెరిన్‌ది.

స్వతంత్రం వచ్చిన కొత్తలో ఈ రంగంలో మన దేశానికి వచ్చిన మొదటి పెద్ద అవకాశం హరగోవింద్ ఖురానా. లివర్‌పూల్‌లో పీహెచ్‌డీ, జూరిచ్‌లో శిక్షణ ముగించి 1949లో ఇంటికి వచ్చారు. ఉద్యోగం వెతికారు, దొరకలేదు. తిరిగి కేంబ్రిడ్జి వెళ్ళారు. అక్కణ్ణుంచి 1952లో కెనడాలోని వాంకూవర్‌లో పరికరాలు పెద్దగా లేని పరిశోధన సంస్థ ఒకటి పిలిస్తే వెళ్ళారు. చివరికి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జన్యుసంకేతాన్ని విప్పి 1968లో నోబెల్ పంచుకున్నారు. ఆయన్ను మనం ఇప్పుడు భారత సంతతి శాస్త్రవేత్త అని గర్వంగా చెప్పుకుంటాం. 1949లో ఒక లెక్చరర్ పోస్టు ఇచ్చి ఉంటే ‘సంతతి’ అనే తోక అవసరమయ్యేది కాదు.

అన్నీ ఇలాంటి కథలే కావు. సుబ్బారావును కాదన్న మద్రాసులోనే, ముప్పై ఏళ్ళ తర్వాత విశ్వవిద్యాలయ ఉపకులపతి లక్ష్మణస్వామి మొదలియార్ జి.ఎన్. రామచంద్రన్‌ను పిలిచి ఫిజిక్స్ శాఖ అప్పగించారు. అది 1952. రామచంద్రన్‌కు అప్పుడు ముప్పై ఏళ్ళ ప్రాయం. పక్కనే ఉన్న కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ నుంచి కొలాజెన్ నమూనాలు తెచ్చుకుని, గోపీనాథ్ కర్తాతో కలిసి 1954లో కొలాజెన్ మూడుపేటల నిర్మాణాన్ని ప్రతిపాదించారు. 1963లో ప్రొటీన్ గొలుసు ఏయే కోణాల్లో మలుపు తిరగగలదో చూపే పటం గీశారు. ప్రపంచంలో ఏ మూల ప్రొటీన్ నిర్మాణం తేల్చినా దాన్ని ఈనాటికీ రామచంద్రన్ పటం మీద పెట్టి సరిచూస్తారు. ఆ వ్యాసం మీద మరో రెండు పేర్లున్నాయి, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్. ఇద్దరూ ఆయన శిష్యులే, తరవాత ఇద్దరూ సొంతంగా పేరు తెచ్చుకున్నారు. చూడండి, అదొక రాష్ట్ర విశ్వవిద్యాలయం. పాఠాలు చెప్పే శాఖ. ప్రశ్న ఎంచుకునే హక్కూ, అప్పజెప్పే హక్కూ రెండూ ఒకే గదిలో ఉన్నాయి. కలకత్తా మెడికల్ కాలేజీలో పాథాలజీ చెప్పే శంభునాథ్ డే 1959లో కలరా విషాన్ని పట్టుకున్నది కూడా కుందేలు పేగుతో, కాలేజీ ప్రయోగశాలలో. ఆయన్ను మన దేశం చాలాకాలం పట్టించుకోలేదన్నది వేరే దుఃఖం.

ఇది ఎందుకు కొనసాగలేదు? అరవై దశకం నుంచి మనం పరిశోధనను విశ్వవిద్యాలయం ప్రహరీ బయటికి తరలించాం. 1962లో ఒబైద్ సిద్దిఖీ బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థలో మాలిక్యులర్ బయాలజీ విభాగం ప్రారంభించారు. 1977లో పుష్ప మిత్ర భార్గవ పట్టుదలతో హైదరాబాద్‌లో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ మొదలైంది. బయోటెక్నాలజీకి కేంద్రంలో ప్రత్యేక శాఖ 1986లో వచ్చింది. తొంభైల్లో బెంగళూరులో ఎన్‌సీబీఎస్, హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ. ఇవన్నీ అవసరమైనవే. సీసీఎంబీ లేకపోతే లాల్జీ సింగ్ డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ లేదు. ఆ సంస్థలను నేను తప్పుపట్టను. తప్పుపట్టేది ఏమిటంటే, మంచి పరికరాలు, మంచి నిధులు, తెలివైన యువ శాస్త్రవేత్తలు అక్కడికి వెళ్ళారు, బీఎస్సీ, ఎమ్మెస్సీ పిల్లలు ఇక్కడ మిగిలిపోయారు.

హబ్సిగూడలో సీసీఎంబీ గేటు నుంచి ఉస్మానియా క్యాంపస్ ఎంత దూరమో హైదరాబాద్ తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అయినా చాలాకాలం సీసీఎంబీలో పనిచేసిన విద్యార్థికి పీహెచ్‌డీ పట్టా ఇచ్చింది ఢిల్లీలోని జేఎన్‌యూ. తరవాత సీసీఎంబీ మాతృసంస్థ సీఎస్‌ఐఆర్ తన సంస్థలన్నిటికీ కలిపి సొంత అకాడమీ పెట్టుకుంది. మనుషులు అటూ ఇటూ వెళ్ళి మాట్లాడుకుంటారు, సెమినార్లు వింటారు, కాదనను. కానీ ఆ రోడ్డుకు ఇవతల పాఠం, అవతల ప్రయోగం రెండూ ఒకే మనిషి చేసే ఉద్యోగం మన వ్యవస్థలో పుట్టలేదు. సంస్థలోని శాస్త్రవేత్తకు ప్రశ్న ఉంది, ఏడాదికి నలుగురో అయిదుగురో పరిశోధక విద్యార్థులు తప్ప తరగతి లేదు. విశ్వవిద్యాలయ అధ్యాపకుడికి తరగతి ఉంది, ప్రశ్న వెనక పడటానికి వేళ లేదు, వేళ ఉంటే ఫ్రీజరు లేదు.

ఫ్రీజరు మాట ఊరికే అనలేదు. రెస్ట్రిక్షన్ ఎంజైములు, లైగేజ్, ట్యాక్ పాలిమరేజ్ మైనస్ ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి. ఎక్కువభాగం దిగుమతి సరుకు. వేసవిలో కరెంటు పోతే ఇన్వర్టర్ కంప్యూటర్లకు ఉంటుంది, ఫ్రీజర్‌కు ఉండదు. సోమవారం వచ్చి చూస్తే వేలు పోసి కొన్న ఎంజైము పాడై ఉంటుంది. మళ్ళీ కొనాలంటే మూడు కొటేషన్లు, కొనుగోళ్ళ కమిటీ, ఆర్థిక విభాగం సంతకం. సెమిస్టర్ అయిపోతుంది. అందుకే మన ఎమ్మెస్సీల్లో పీసీఆర్ ప్రాక్టికల్‌ను ‘డెమో’గా చూపిస్తారు. ఒకరు చేస్తారు, ముప్పై మంది చుట్టూ నిలబడి చూస్తారు, రికార్డులో జెల్ బొమ్మ గీస్తారు. ఈత గట్టున నిలబడి నేర్చుకున్నట్టుంటుంది ఆ చదువు.

ఇప్పుడు ఉద్యోగం వెతికే కుర్రాడి వైపు నుంచి చూద్దాం. సీఎస్‌ఐఆర్–యూజీసీ నెట్‌లో లైఫ్ సైన్సెస్ రాసి జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ తెచ్చుకుంటే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత 42,000. మొత్తం అయిదేళ్ళు. అయిదేళ్ళలో ఈ సబ్జెక్టులో థీసిస్ పూర్తయితే అదృష్టవంతుడు. చివరి ఏడాది చాలామంది స్కాలర్‌షిప్ లేకుండా ఇంటి డబ్బుతో నడుపుతారు. తరవాత అమెరికాలోనో జర్మనీలోనో పోస్ట్‌డాక్. తిరిగి రావాలనుకునేవాళ్ళకు రామలింగస్వామి ఫెలోషిప్ ఉంది, ఇండియా అలయన్స్ ఫెలోషిప్ ఉంది. అవి అయిదేళ్ళు నిలబెడతాయి. ఆ తరవాత నిలబడటానికి పోస్టు కావాలి. ఎక్కడ? కేంద్ర సంస్థల్లో ఒక ఖాళీకి వందల మంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఖాళీలకు కొదవలేదు, నోటిఫికేషనే రాదు. వస్తే రిజర్వేషన్ రోస్టర్ తప్పుందని ఒకరు, అర్హతలు మార్చారని మరొకరు కోర్టుకు వెళతారు, స్టే వస్తుంది. అర్హతల సంగతీ అలాగే ఉంది. విశ్వవిద్యాలయ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 2021 నుంచి పీహెచ్‌డీ తప్పనిసరి అని యూజీసీ 2018లో రాసింది, దాన్ని 2023కు వాయిదా వేసింది, 2023లో నెట్ ఉంటే చాలు, పీహెచ్‌డీ ఐచ్ఛికమేనంది. ఈ అయిదేళ్ళూ పీహెచ్‌డీ చేస్తూ కూర్చున్నవాడు ఏమనుకోవాలి?

నోటిఫికేషన్ రాని ఆ ఖాళీలో పాఠాలు ఆగవు. కాంట్రాక్టు, పార్ట్‌టైం, గెస్ట్ ఫ్యాకల్టీ పేర్లతో మన పీహెచ్‌డీలే చెబుతున్నారు. కొందరు పది, పదిహేనేళ్ళుగా. వాళ్ళలో మంచి అధ్యాపకులను చాలామందిని చూశాను, రెగ్యులర్ ప్రొఫెసర్లకంటే బాగా చెప్పేవాళ్ళను కూడా. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ గైడ్‌గా ఉండటానికి శాశ్వత అధ్యాపకుడై ఉండాలి. ప్రాజెక్టు నిధులకు దరఖాస్తు చేయాలన్నా సాధారణంగా శాశ్వత పదవే అడుగుతారు. అంటే వాళ్ళకు ప్రశ్న ఎంచుకునే హక్కూ లేదు, అప్పజెప్పే హక్కూ లేదు. గంటల లెక్కన జీతం మాత్రం ఉంది, అదీ మూడు నెలలకోసారి. సుబ్బారావును హార్వర్డ్ ఏళ్ళ తరబడి ఎలా నిలిపి ఉంచిందో మనం వీళ్ళను అలాగే నిలిపి ఉంచుతున్నాం. ఆయనకు కనీసం ప్రయోగశాల ఉండేది.

అమెరికా స్వర్గమని నేను అనను. అక్కడ 1998–2003 మధ్య వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ఎన్‌ఐహెచ్ బడ్జెట్‌ను రెట్టింపు చేశారు. ల్యాబులు విరివిగా విద్యార్థులను, పోస్ట్‌డాక్‌లను చేర్చుకున్నాయి. డబ్బు పెరగడం ఆగాక అంతమందికి పోస్టులు లేవు. మెరిసే పచ్చ ప్రొటీన్ జన్యువును 1992లో క్లోన్ చేసిన డగ్లస్ ప్రాషర్ నిధులు అయిపోయి ఆ పరిశోధన వదిలేశాడు, ఆ క్లోన్‌ను అడిగినవాళ్ళకు ఇచ్చేశాడు. 2008లో ఆ ప్రొటీన్‌కు నోబెల్ వచ్చిన రోజున ఆయన అలబామాలో ఒక కార్ల డీలర్ దగ్గర వ్యాన్ నడుపుతున్నాడు. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలకు దారి చూపిన కాతలిన్ కరికోకు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 1995లో హోదా తగ్గించింది, చివరికి ఆమె 2013లో ఒక కంపెనీకి వెళ్ళింది, 2023లో నోబెల్ వచ్చింది. సుబ్బారావు కథ డెబ్బై ఏళ్ళు దాటాక మళ్ళీ జరిగింది. తేడా ఒక్కటే, ఈమెను ప్రపంచం బతికుండగా గుర్తించింది. నిధుల మీదే నిలబడే ఉద్యోగం నిధితోపాటే కూలుతుంది, కనుక దాన్ని అక్కడి నుంచి కాపీ కొట్టవద్దు.

మనం చేయగలిగినవి పెద్ద విషయాలు కావు. కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నియామక పత్రంతోపాటే ప్రయోగశాల మొదలుపెట్టుకునే నిధి ఇవ్వాలి, మూడేళ్ళ తర్వాత ప్రాజెక్టు వస్తే చూద్దాం అనకూడదు. వారానికి పదహారు గంటల బోధన అని నిబంధనల్లో ఉంది. ప్రయోగాలు చేసి చూపించే ప్రాక్టికల్ గంటను అందులో పూర్తి గంటగా లెక్కించాలి. పక్కన పరిశోధన సంస్థ ఉన్న ప్రతి విశ్వవిద్యాలయం అక్కడి శాస్త్రవేత్తను సెమిస్టర్‌కు ఒక పేపరు చెప్పమని పిలవాలి, గౌరవ ఉపన్యాసానికి కాదు, పరీక్ష పేపర్లు దిద్దేదాకా. అందుకు ప్రతిగా మన అధ్యాపకుడికి వాళ్ళ ల్యాబులో బల్ల ఇవ్వమని అడగాలి. ఏళ్ళుగా చెబుతున్న కాంట్రాక్టు అధ్యాపకులు కనీసం సహ గైడ్‌గా ఉండే వీలు కల్పించాలి.

విద్యార్థులతో ఒక మాట. పీహెచ్‌డీలో చేరేముందు గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆయన వ్యాసాల సంఖ్య అడగకండి. ఆయన దగ్గర చదివి బయటికి వెళ్ళినవాళ్ళు ఇప్పుడు ఏంచేస్తున్నారో అడగండి. జవాబు రాకపోతే మరో తలుపు తట్టండి.

ఉపకులపతి గారు వేదిక మీదే ఉన్నారు కాబట్టి వారికి ఒక విన్నపం. సుబ్బారావు గారి పేరు మీద ఏటా సభ పెడుతున్నారు, సంతోషం. ఈ విద్యాసంవత్సరం ముగిసేలోగా జీవశాస్త్ర విభాగాల ఖాళీలకు నోటిఫికేషన్ ఇవ్వండి. మాలిక్యులర్ బయాలజీకి ఒక్క పోస్టే ఇవ్వగలిగినా సరే, శాశ్వత పోస్టుగా ఇవ్వండి, దానికో గది, జనరేటర్ కనెక్షన్ ఉన్న ఒక ఫ్రీజరు, మొదటి మూడేళ్ళ కెమికల్స్ ఖర్చు కలిపి ఇవ్వండి.